బ్రాంచికి సాఫ్ట్‌వేర్ పంపకుండా పని జరిపించడం: విండోస్ సర్వర్‌లో రిమోట్‌యాప్ ఏర్పాటు

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని ప్రతి కంప్యూటర్‌లో వేసి, డేటా ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేసి నడిపే ఆఫీసులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఒకే గదిలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. బ్రాంచి తెరిచాక ఆ షేర్ ఫోల్డర్ ఇంటర్నెట్ మీద నత్తనడక నడుస్తుంది, ఎంట్రీ మధ్యలో నెట్ పోతే డేటా ఫైలు పాడవుతుంది. సాఫ్ట్‌వేర్‌నీ డేటానీ సర్వర్‌లోనే ఉంచి, విండోని మాత్రమే అవతలి స్క్రీన్ మీద చూపించడమే దీనికి మందు. డెస్క్‌టాప్ మొత్తం ఇవ్వవచ్చు. కానీ గుమాస్తాకి కావలసింది ఒకటి రెండు ప్రోగ్రాములే అయినప్పుడు, వాటి విండోని మాత్రమే చూపించే రిమోట్‌యాప్ మేలు: రెండు స్టార్ట్ మెనూల గందరగోళం ఉండదు, సర్వర్‌లో తవ్వుకోవడానికి దారులూ తగ్గుతాయి.

ఇరవై మంది ఆఫీసుకి, విండోస్ సర్వర్ 2022 మీద, ఏం కావాలో చూద్దాం. ఎంట్రీలతో పాటు ఎక్సెల్ కూడా నడిచే చోట ఒక్కో వర్చువల్ సీపీయూకి (వర్చువల్ మెషీన్‌కి కేటాయించే ప్రాసెసర్ వాటాకి) నలుగురు అని లెక్క వేసుకోండి. ఇరవై మందికి ఐదు వస్తుంది, ఎనిమిది పెట్టండి. ర్యామ్ మనిషికి 2 జీబీ, సర్వర్‌కి విడిగా 8 జీబీ, అంటే 48 జీబీ. బ్రౌజర్ కూడా ఇస్తే ఈ లెక్క చాలదు, 64 జీబీకి వెళ్ళాలి. డిస్క్ ఎస్‌ఎస్‌డీయే కావాలి, పొద్దున పదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేటప్పుడు హార్డ్ డిస్క్ చేతులెత్తేస్తుంది. బ్రాంచి వైపు ఎంట్రీ పనికి ఒక్కొక్కరికి 1.5 ఎంబీపీఎస్, ఎక్సెల్‌తో అయితే 3. వేగం కన్నా జాప్యం ముఖ్యం: పింగ్ 150 మిల్లీసెకన్లు దాటితే టైపు చేసిన అక్షరం ఆలస్యంగా పడుతుంది.

హైపర్-వీ (ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లని నడిపే విండోస్ సదుపాయం) మీద మూడు వర్చువల్ మెషీన్లు చేయండి. ఒకటి డొమైన్ కంట్రోలర్, ఆఫీసు యూజర్ల పేర్లూ పాస్‌వర్డులూ చూసుకునేది. రెండోది బ్రోకర్ (యూజర్‌ని సెషన్‌కి చేర్చేది), వెబ్ యాక్సెస్ (ప్రోగ్రాముల జాబితా చూపే పేజీ), గేట్‌వే (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే ద్వారం), లైసెన్సింగ్ నాలుగూ కలిపి. మూడోది సెషన్ హోస్ట్, సాఫ్ట్‌వేర్ నడిచేది ఇక్కడే. డొమైన్ కంట్రోలర్ మీదే సెషన్ హోస్ట్ పెట్టి ఒక మెషీన్ మిగుల్చుకుందామనుకోకండి, మామూలు యూజర్లని డొమైన్ కంట్రోలర్‌లోకి లాగిన్ అవనివ్వడం ఆఫీసు తాళాలన్నీ వాళ్ళ చేతిలో పెట్టడమే. సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఒకటి రెండు వర్చువల్ మెషీన్లకే సరిపోతుంది. మూడోదానికి అదే హార్డ్‌వేర్‌కి ఇంకోసారి కొనాలి.

ఇన్‌స్టలేషన్‌లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది మొదటి తెరలోనే. సర్వర్ మేనేజర్‌లో యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్ నొక్కాక ‘రోల్ బేస్డ్’ కాకుండా ‘రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ ఇన్‌స్టలేషన్’ ఎంచుకోవాలి. లేకపోతే రోల్స్ అన్నీ ఎక్కినా కలెక్షన్లు (ఏ యూజర్లకి ఏ ప్రోగ్రాములో చెప్పే సముదాయాలు) తయారుచేసే పేజీ రాదు, డిప్లాయ్‌మెంటే (ఈ రోల్స్ అన్నీ కలిసిన ఏర్పాటు) లేదని చెబుతుంది. తర్వాత స్టాండర్డ్ డిప్లాయ్‌మెంట్, సెషన్ బేస్డ్. అంతకుముందే రెండు సర్వర్లనీ సర్వర్ మేనేజర్ పూల్‌లో చేర్చి ఉంచండి. గేట్‌వే, లైసెన్సింగ్ తర్వాత ఓవర్‌వ్యూ పేజీలోని ఆకుపచ్చ ప్లస్ గుర్తులు నొక్కి చేర్చుకోవచ్చు.

సెషన్ హోస్ట్ మీద సాఫ్ట్‌వేర్‌ని మామూలుగా డబుల్ క్లిక్ చేసి వేయకండి. కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఇన్‌స్టాల్ అప్లికేషన్ ఆన్ రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్’ ద్వారా వేస్తేనే సెట్టింగులు యూజర్లందరికీ అందుతాయి. లేకపోతే అడ్మినిస్ట్రేటర్‌కి బ్రహ్మాండంగా తెరుచుకుని, మిగతావాళ్ళకి ఎర్రర్ ఇస్తుంది. ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సు రిమోట్ సెషన్లకి ఒప్పుకుంటుందో లేదో కొనేముందే అడగండి. సింగిల్ యూజర్ లైసెన్సులు తరచూ ఇక్కడే మొండికేస్తాయి.

కలెక్షన్ చేసేటప్పుడు ముందే ఉండే ‘డొమైన్ యూజర్స్’ తీసేసి మీ సొంత గ్రూపు పెట్టండి. యూజర్ ప్రొఫైల్ డిస్క్ (ఒక్కో యూజర్ సెట్టింగులు, ఫైళ్ళు దాచే వర్చువల్ డిస్క్) ఆన్ చేసి, వేరే సర్వర్ షేర్ దారి ఇవ్వండి. డీఫాల్ట్ పరిమాణం 20 జీబీ, ఈ పనికి 5 చాలు. ఆ తర్వాత ప్రోగ్రాముని పబ్లిష్ చేయండి, అంటే యూజర్లకి కనిపించే జాబితాలో పెట్టండి.

సర్వర్ అసలైనదేనని రుజువు చేసే సర్టిఫికెట్ దగ్గర కాస్త నిదానంగా వెళ్ళాలి. డిప్లాయ్‌మెంట్ ప్రాపర్టీస్‌లో నాలుగు చోట్ల అడుగుతుంది: బ్రోకర్‌కి రెండు, వెబ్ యాక్సెస్, గేట్‌వే. నాలుగింటికీ ఒకే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (ఒక డొమైన్ కింది పేర్లన్నిటికీ చెల్లేది) సరిపోతుంది, ప్రైవేట్ కీ ఉన్న పీఎఫ్ఎక్స్ ఫైలుగా ఇవ్వాలి. చిక్కల్లా పేర్లతోనే. డొమైన్ పేరు చివర ‘డాట్ లోకల్’ ఉంటే ఏ పబ్లిక్ సంస్థా దానికి సర్టిఫికెట్ ఇవ్వదు, 2015 నవంబర్ నుంచి అది ఆగిపోయింది. యూజర్‌కి మాత్రం ఆ లోపలి పేరే వెళ్ళి ప్రతిసారీ హెచ్చరిక కనిపిస్తుంది. అందుకని బ్రోకర్ పబ్లిష్ చేసే పేరుని పవర్‌షెల్ స్క్రిప్టుతో బయటి పేరుగా మార్చి, పేర్లని ఐపీలుగా మార్చే లోపలి డీఎన్‌ఎస్‌లోనూ అదే పేరు సర్వర్ లోపలి ఐపీకి వెళ్ళేలా రాయాలి. ఇక్కడితో ఆగితే గేట్‌వే అడ్డుపడుతుంది. దాని రిసోర్స్ పాలసీ డొమైన్ కంప్యూటర్లకే అనుమతిస్తుంది, ఈ కొత్త పేరు ఆ జాబితాలో ఉండదు కదా. పాలసీలో దాన్నీ చేర్చండి. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు మించదు కాబట్టి, రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో కట్టుదిట్టంగా రాసుకోండి.

రూటర్‌లో తెరవాల్సింది టీసీపీ 443, దానితో పాటు వేగం కోసం యూడీపీ 3391. రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా వాడే పోర్ట్ 3389ని ఇంటర్నెట్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవవద్దు. నంబరు మార్చి తెరిచినా స్కానర్లు పట్టేస్తాయి.

లైసెన్సుల విషయంలో మొదటి 120 రోజులూ ఏ అడ్డూ ఉండదు. అదే ప్రమాదం. అంతా సజావుగా ఉందని మరిచిపోతారు, గడువు దాటిన రోజు పొద్దున లైసెన్స్ సర్వర్ లేదన్న సందేశంతో ఒక్కరూ లోపలికి రాలేరు. క్యాల్ అంటే సర్వర్‌ని వాడుకునే హక్కు ఇచ్చే లైసెన్సు. విండోస్ సర్వర్ క్యాల్ వేరు, ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్ వేరు, రెండూ కొనాలి. ఇల్లు, ఆఫీసు రెండు చోట్ల నుంచీ పనిచేసేవాళ్ళకి పర్ యూజర్, షిఫ్టుల్లో ఒకే మెషీన్ పంచుకునేవాళ్ళకి పర్ డివైస్ లాభం. కొన్నది ఏ రకమో డిప్లాయ్‌మెంట్ ప్రాపర్టీస్‌లో ఆ మోడే పెట్టి, సెషన్ హోస్ట్ మీద లైసెన్సింగ్ డయాగ్నోసర్ తెరిచి చూడండి. అక్కడ ఎరుపు లేకపోతేనే పని పూర్తయినట్టు.

రోజువారీ ఫిర్యాదుల్లో పెద్దది: ‘బిల్లు తెరిస్తే ఇంకొకరు వాడుతున్నారంటోంది, ఆ మనిషి ఇంటికెళ్ళి గంటయింది.’ రిమోట్‌యాప్ విండో మూసినా సర్వర్‌లో సెషన్ పోదు, డిస్‌కనెక్ట్ అయి ఊరికే కూర్చుంటుంది. ప్రొఫైల్ డిస్క్, కొన్నిసార్లు డేటా ఫైలు కూడా దాని గుప్పిట్లోనే ఉంటాయి. గ్రూప్ పాలసీలో (డొమైన్ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నియమాలు పెట్టే సదుపాయం) సెషన్ టైమ్ లిమిట్స్ కింద రెండు వేర్వేరు మీటలున్నాయి. చివరి విండో మూశాక లాగాఫ్ చేసేది ఒకటి, దానికి 1 నిమిషం పెట్టండి. నెట్ పోయి తెగిన సెషన్లకి ఇంకొకటి, దానికి 30 నిమిషాలైనా ఇవ్వాలి. రెండూ ఒకటే అనుకుని 1 నిమిషమే పెడితే, బ్రాంచిలో నెట్ ఒకసారి పోయిందంటే సేవ్ చేయని వోచరూ పోతుంది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల సంగతి వేరు. రిమోట్ సెషన్లలో మామూలుగా వాడే ఈజీ ప్రింట్ డ్రైవర్ ప్రతి పేజీనీ బొమ్మలా పంపుతుంది కనుక బిల్లు మెల్లగా, అక్షరాలు అలుక్కుపోయినట్టు వస్తుంది. ఆ ప్రింటర్ డ్రైవర్‌ని సర్వర్‌లో కూడా వేసి, ‘ముందు ఈజీ ప్రింట్ వాడు’ అనే పాలసీని డిజేబుల్ చేయండి. రెండు వైపులా డ్రైవర్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

తెలుగు ఫాంట్లు కూడా సర్వర్‌లోనే వేయాలి, అదీ ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’తో. మామూలు ఇన్‌స్టాల్ నొక్కితే వేసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనిపించవు.

అప్‌డేట్లు వేసే రోజు ముందురోజు సాయంత్రమే సెషన్ హోస్ట్‌కి ‘కొత్త కనెక్షన్లు అనుమతించవద్దు’ పెట్టండి. ఉన్నవాళ్ళు పని ముగించి వెళ్ళాక రీస్టార్ట్ చేసి, ఒక టెస్ట్ అకౌంటుతో ఎంట్రీ వేసి ప్రింట్ తీసి చూసుకున్నాకే మళ్ళీ అనుమతించండి.