ఇంగ్లండ్ పొలాల్లో అడవి పావురాల వేట: బొమ్మలు ఎలా పరచాలి?

లింకన్‌షైర్‌లో బఠానీ విత్తిన చేలల్లో ప్రతి వసంతంలోనూ ఇదే చూస్తున్నాను. నిజమైన పావురాలను కిందికి రప్పించడానికి చేను నడిమధ్య పాతిక ప్లాస్టిక్ పావురాలను సైనికుల్లా వరుసగా గుచ్చుతారు. వాటి పక్కన ఒక మోటారు యంత్రాన్ని గిరగిరా తిప్పుతారు. సాయంత్రం దాకా ఒక్క పక్షీ దిగకపోతే తుపాకీని తిడతారు, తూటాలను తిడతారు. తుపాకీలో ఏ లోపమూ లేదు. పావురం గాలిని చూసుకుని దిగుతుంది, వీళ్లు గాలిని చూడకుండా బొమ్మలు పెట్టారు. అంతే జరిగింది.

ముందు చట్టం సంగతి. భారతదేశంలో ఈ పని తలపెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నేను రాసేది ఇంగ్లండ్‌లో ఉంటూ, పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకున్నవారి కోసం. ఇక్కడ కూడా పావురాలను సరదా కోసం కాల్చే హక్కు లేదు. 1981 నాటి చట్టం అడవి పక్షులన్నిటినీ కాపాడుతుంది. పంటకు తీవ్ర నష్టం కలుగుతున్నప్పుడు మాత్రం జీఎల్42 అనే సాధారణ లైసెన్సు కింద వుడ్‌పిజన్‌ను, అంటే ఈ అడవి పావురాన్ని, కాల్చవచ్చు. దీనికి దరఖాస్తు అవసరం లేదు కాని షరతులు చదవాలి, బెదిరించి తరిమే మార్గాలు పనిచేయలేదని తెలిసి ఉండాలి, రైతు అనుమతి ఉండాలి. స్కాట్లండ్, వేల్స్‌లకు వేరే లైసెన్సులు ఉన్నాయి.

పక్షిని గుర్తుపట్టలేనివారు తుపాకీ ముట్టుకోకూడదు. వుడ్‌పిజన్ సుమారు అర కిలో బరువుండే పెద్ద పావురం. ఎగిరేటప్పుడు రెక్కకు అడ్డంగా తెల్లని పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద పక్షులకు మెడ పక్కన తెల్ల మచ్చ ఉంటుంది, పిల్లలకు ఉండదు. వీటితో కలిసి మేసే స్టాక్ డవ్ అనే మరో పావురం కాస్త చిన్నది, దానికి తెలుపు ఎక్కడా ఉండదు. అది ఈ లైసెన్సులో లేదు, దాన్ని కాల్చడం నేరం. పందెపు పావురాలకు యజమానులు ఉంటారు, వాటి జోలికీ వెళ్లకూడదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 12 బోరు తుపాకీ, 30 గ్రాముల గుళ్లుండే 6వ నంబరు తూటాలు, మాటు కట్టడానికి వల, నాలుగు కర్రలు, చిన్న పీట, బైనాక్యులర్, చెవులకు రక్షణ, తాగడానికి నీళ్లు, డజను బొమ్మలు. బొమ్మల మీద మెరుపు ఉండకూడదు. వాన పడి తడిస్తే ప్లాస్టిక్ మెరుస్తుంది, గుడ్డతో తుడవండి.

పొలానికి చేరగానే వల దించకండి. గట్టున నిలబడి గంటసేపు చూడండి. పావురాలు ఇష్టం వచ్చినట్టు రావు. చెట్ల వరుస, కాలువ, పొదల కంచె, ఇలా ఏదో ఒకదాని వెంబడి దారి పట్టి వస్తాయి. ఆ దారి ఏదో, అవి చేలో ఏ మూల దిగుతున్నాయో చూసుకుని మాటు ఆ మూలనే వేయండి. నీడ ఉందనో, కారుకు దగ్గరనో వేరే చోట కూర్చుంటే మధ్యాహ్నమంతా దూరంగా ఎగిరే పక్షులను లెక్కపెట్టుకోవాలి. పొదను ఆనుకుని వల కట్టి, అక్కడ పెరిగే కొమ్మలనే దానికి గుచ్చండి. మాటుకు పని ఇంతే.

ఇక అసలు పని. పావురం గాలికి ఎదురుగా దిగుతుంది. ఎండుగడ్డి పరకలు నలిపి గాల్లోకి వదిలితే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. కుడిచేతి వాటం వారికి గాలి ఎడమ భుజం వెనక నుంచి వీయాలి. అప్పుడు పక్షులు కుడి ముందువైపు నుంచి ఏటవాలుగా వస్తాయి, తుపాకీ కుడి నుంచి ఎడమకు సులువుగా తిరుగుతుంది. ఎడమచేతి వాటం వారు దీన్ని తిప్పి చదువుకోండి. గాలి మొహానికి కొడుతున్న చోట మాటు వేయకూడదు. అక్కడ పక్షులు మీ తల వెనక నుంచి వస్తాయి, తుపాకీ ఎత్తేలోపే మిమ్మల్ని చూస్తాయి.

బొమ్మలను గుర్రపు లాడం ఆకారంలో పరచండి. లాడం వంపు మీ వైపు, తెరిచిన నోరు పక్షులు వచ్చే వైపు ఉండాలి. మధ్యలో వదిలిన ఖాళీయే అవి దిగే చోటు. ఆ ఖాళీ మాటుకు 20 నుంచి 25 గజాల దూరంలో ఉండాలి. దగ్గరైతే మాటును చూసి బెదురుతాయి. దూరమైతే గాయపడి ఎగిరిపోతాయి, వేటలో అంతకన్నా చెడ్డ పని లేదు. ఆఖరి బొమ్మ 35 గజాలు దాటకూడదు, దాన్ని దాటిన పక్షిని కాల్చకూడదు.

బొమ్మకూ బొమ్మకూ మధ్య కనీసం రెండు అంగల దూరం వదలండి. తీరికగా మేసే పావురాలు ఎడంగా ఉంటాయి. పక్కపక్కనే గుచ్చితే అది బెదిరి ఎగరబోతున్న గుంపని పైనున్న పక్షి అనుకుంటుంది. తలలన్నీ గాలి వైపు ఉండాలి కాని అన్నీ ఒకే కోణంలో ఉండకూడదు, ఒకటి కాస్త కుడికి, ఒకటి కాస్త ఎడమకు తిప్పండి. చచ్చిన పక్షిని బొమ్మగా పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. గడ్డం కింద చిన్న పుల్ల ఆనించి తల నిలపండి. తోక గాలి వైపుకు పెడితే వీపు మీది ఈకలు వెనక్కి లేచి, కింది లేత బూడిదరంగు నూగు బయటపడుతుంది. అది వంద గజాల నుంచి కనిపిస్తుంది, ఆ ఒక్క పక్షి వల్ల మిగతా పదకొండూ వృథా.

పరిచాక పక్షులు వచ్చే వైపుకు వంద అడుగులు నడిచి, అక్కడి నుంచి వెనక్కి చూడండి. ఈ పని ఎవరూ చేయరు, చేసి తీరాలి. తర్వాత వచ్చే మొదటి నాలుగైదు పక్షులను కాల్చకుండా గమనించండి. రెక్కలు బిగించి తిన్నగా జారుతూ వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. అరవై గజాల దూరంలో మెడ చాచి, ఒక్కసారి పక్కకు ఒరిగి, తెల్ల పట్టీ మెరిపిస్తూ తిరిగిపోతే ఏదో మెరుస్తోంది, లేదా మీరు కదిలారు. బొమ్మలకు అవతల దిగితే మధ్య ఖాళీ చాలలేదు. చుట్టు తిరిగి మీ వెనక దిగితే గాలి మారింది. గాలి మారితే బద్ధకించకుండా లేచి లాడాన్ని తిప్పండి. మధ్యాహ్నం మూడింటికి గాలి మారితే, ఒంటిగంటకు పరిచిన బొమ్మలు పనికిరావు.

రెండు కడ్డీల చివర పక్షులను తిప్పే రోటరీ యంత్రాన్ని వాడకూడదు. తరచుగా వేట జరిగే పొలాల్లో పావురాలు దాన్ని గుర్తుపట్టి దూరం జరుగుతాయి. ఆ బ్యాటరీ మోసే ఓపిక ఉంటే, గత వేటలో గడ్డకట్టించి దాచిన నిజమైన పావురాలను మోయండి. వాటిలో రెండింటిని రెక్కలు చాపి, వంగే కడ్డీల మీద నిలిపితే గాలికి అవే ఊగుతాయి. దిగుతున్న పక్షిని అంతకన్నా బాగా చూపించే యంత్రం లేదు.

కాల్చేటప్పుడు పక్షి వెనక ఆకాశం మాత్రమే కనిపించాలి. ఇక్కడి పొలాల మీదుగా ప్రజల నడకదారులు ఉంటాయి. పొద అవతల మనిషి లేడని మీకు తెలియదు, కాబట్టి తక్కువ ఎత్తులో వచ్చిన పక్షిని వదిలేయండి. పెద్ద గుంపు దిగితే కాల్చకండి, లేచి నిలబడండి. అవి లేచిపోయి ఒకటీ రెండుగా తిరిగి వస్తాయి. గాయపడిన పక్షి కనిపిస్తే వేట ఆపి వెంటనే వెళ్లి బాధ తీర్చండి. చచ్చి వెల్లకిలా పడినవాటిని బోర్లా తిప్పండి.

సాయంత్రం ఖాళీ తూటా గొట్టాలన్నీ ఏరండి. పక్షులను ప్లాస్టిక్ సంచిలో కుక్కితే వేడికి పాడవుతాయి, గాలి ఆడే సంచిలో వేసి నీడన వేలాడదీయండి. వండుకోవడానికి రొమ్ము మాంసం చాలు. వేలితో నొక్కి సీసం గుళ్లు ఏరేసి, పలుచగా కోసి, మిరియాలు, కరివేపాకుతో పెద్ద మంట మీద కొద్ది నిమిషాలే వేయించాలి. ఎక్కువసేపు ఉంచితే తోలులా సాగుతుంది.

వెళ్లే ముందు రైతును కలవండి. ఒక పక్షి గొంతు కింది సంచి కోసి చూపించండి. విత్తిన బఠానీలు నానిపోయి గుప్పెడు బయటికి వస్తాయి. ఎన్ని పక్షులు పడ్డాయో, చేలో ఏ మూల ఎక్కువగా మేశాయో చెప్పండి. పక్షులను చప్పుడుతో తరిమే బెదురు తుపాకీని రేపు ఎక్కడ పెట్టాలో ఆయన దాన్ని బట్టి నిర్ణయించుకుంటారు.