అంకె ఒకటి చెప్తే ఆట ఇంకోటి చెప్తోందా? ఫుట్‌బాల్ డేటాలో సమస్య - పరిష్కారం

ఈవెంట్ డేటా (మ్యాచ్‌లో ప్రతి పాస్, ప్రతి షాట్ ఒక్కో వరుసగా రాసిన డేటా) దించుకోవడం, పైథాన్ లైబ్రరీ పాండాస్‌లోకి ఎక్కించడం, ఆటగాడి పేరు మీద గ్రూప్ చేసి కూడటం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నది ఇది. ఉదాహరణలన్నీ ఫుట్‌బాల్ డేటా సంస్థ స్టాట్స్‌బాంబ్ గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టిన డేటా మీదే. అందులో 2022 ప్రపంచకప్ ఉంది, 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ 115 మ్యాచ్‌లూ ఉన్నాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన సీజన్ కాబట్టి మనవాళ్లు దీంతో మొదలుపెట్టడం మంచిదే.

అంకె ఏది తేడాగా కనిపించినా, మోడల్‌ని తిట్టే ముందు మూడు సంగతులు చూడండి. ఆటగాడు ఎన్ని నిమిషాలు ఆడాడు? గోల్స్‌లో పెనాల్టీలెన్ని? పెనాల్టీ షూటౌట్ తీసేశారా? ఈ మూడూ చూడకుండా "ఎక్స్‌జీ (ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో మోడల్ వేసే అంచనా) అంతా బోగస్" అనేవాళ్లకి చెప్పేదేమీ లేదు.

లక్షణం: గోల్స్ అధికారిక లెక్క కంటే ఎక్కువ వస్తున్నాయి

2022 ప్రపంచకప్‌లో మెస్సీకి 9 గోల్స్, ఎంబాపేకి 9 గోల్స్ వచ్చాయా? అసలు లెక్క 7, 8. ఐఎస్ఎల్ ఫైనల్లో హైదరాబాద్ 4-2తో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించినట్టు వచ్చిందా? ఆ మ్యాచ్ 1-1తో ముగిసింది, షూటౌట్ 3-1.

కారణం: ఈ డేటాలో షూటౌట్ కిక్కులు కూడా మామూలు షాట్లలాగే నమోదై ఉంటాయి. వాటి పీరియడ్ (మ్యాచ్‌లో ఏ భాగమో చెప్పే అంకె) మాత్రం 5.

పరిష్కారం: ఏ లెక్కయినా మొదలుపెట్టే ముందు పీరియడ్ 5 వరుసలన్నీ తీసెయ్యండి. తీసేశాక ఐఎస్ఎల్ ఫైల్లో బార్తొలొమ్యూ ఒగ్బెచేకి 18 గోల్స్ రావాలి, ఆ ఏడాది గోల్డెన్ బూట్ లెక్క అదే. రాకపోతే ముందుకు పోవద్దు.

లక్షణం: 90 నిమిషాల సగటులో ఎవరూ వినని పేర్లు పైకొచ్చాయి

నిమిషాలు. 120 నిమిషాలు ఆడి రెండు గోల్స్ కొట్టినవాడికి 90కి 1.5 వస్తుంది. దానికి అర్థం లేదు. ఐఎస్ఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టుకి 20 మ్యాచ్‌లు, అంటే 1800 నిమిషాలు. అందులో సగం, 900 నిమిషాలు ఆడనివాడిని ర్యాంకింగ్‌లోంచి తీసెయ్యండి. అది దాటినవాళ్లలోనూ తరచూ సబ్‌స్టిట్యూట్‌గా దిగేవాళ్లని, మొదటి నుంచీ ఆడేవాళ్లని ఒకే జాబితాలో కలపొద్దు. క్రికెట్లో డెత్ ఓవర్లలో దిగేవాడి స్ట్రైక్ రేట్‌ని ఓపెనర్ స్ట్రైక్ రేట్ పక్కన పెట్టి ఎవడు గొప్ప అని అడగం కదా, ఇదీ అంతే.

లక్షణం: గోల్స్ బాగానే ఉన్నాయి, దాడిలో మాత్రం మనిషి కనిపించడు

పెనాల్టీలు. 2020-21 ప్రీమియర్ లీగ్‌లో చెల్సీ తరఫున ఎక్కువ గోల్స్ కొట్టింది మిడ్‌ఫీల్డర్ జోర్జిన్యో. 7 గోల్స్, ఏడూ పెనాల్టీలే. అదే సీజన్లో బ్రూనో ఫెర్నాండెస్ 18 గోల్స్‌లో 9 పెనాల్టీలు. పెనాల్టీ ఎక్స్‌జీ మోడల్‌ని బట్టి 0.76 నుంచి 0.79 దాకా ఉంటుంది. మామూలు షాట్ సగటు 0.1 దగ్గర. అంటే ఒక్క పెనాల్టీ ఏడెనిమిది షాట్లంత బరువు. షాట్ టైప్ పెనాల్టీ అయిన వరుసల్ని పక్కనపెట్టి, పెనాల్టీలు కాని గోల్స్, పెనాల్టీలు కాని ఎక్స్‌జీ విడిగా చూపించండి. పెనాల్టీ వేయడమూ నైపుణ్యమే, కాదనను. దాని కాలమ్ దానికుండాలి.

లక్షణం: అందరి పాస్ కచ్చితత్వం సున్నా, లేదా అర్థంపర్థం లేని అంకె

ఈ డేటాలో పాస్ అందితే అవుట్‌కమ్ గడి ఖాళీగా ఉంటుంది. పోయిన పాస్‌కే ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఖాళీ గడులున్న వరుసల్ని "శుభ్రం" చేసేశారంటే మంచి పాస్‌లన్నీ పారబోసినట్టే.

లక్షణం: పట్టికలో పైనున్న జట్టు షాట్ల లెక్కలో మధ్యలో ఉంది, కిందున్న జట్టు పైనుంది

అసలు తలనొప్పి ఇక్కడే. ఇందులో కోడ్ తప్పు ఉండదు, కూడిక తప్పు ఉండదు, అంకెలన్నీ నిజమే. అయినా తీర్పు తలకిందులవుతుంది. చూసినవాళ్లు "అదృష్టంతో గెలుస్తున్నారు" అని తేల్చేస్తారు.

కారణం గేమ్ స్టేట్, అంటే ఆ క్షణానికి స్కోరు ఎలా ఉందనేది. లీడ్‌లో ఉన్న జట్టు వెనక్కి తగ్గి కూర్చుంటుంది, బంతిని అవతలివాళ్లకి వదిలేస్తుంది, కౌంటర్ దొరికితేనే వెళ్తుంది. వెనకబడ్డ జట్టు ఫుల్‌బ్యాక్‌లతో సహా ముందుకొచ్చి దూరం నుంచైనా షాట్లు కొడుతుంది. కాబట్టి తరచూ లీడ్‌లో ఉండే మంచి జట్టుకి షాట్లు తగ్గుతాయి, తరచూ వెనకబడే జట్టుకి పెరుగుతాయి.

లెక్క కోసం రెండు జట్లని ఊహించుకుందాం. రెండూ 1800 నిమిషాలు ఆడాయి. స్కోరు సమంగా ఉన్నప్పుడు 90కి మొదటి జట్టు 13.5 షాట్లు, రెండోది 12 షాట్లు కొడతాయి. లీడ్‌లో ఉంటే రెండూ 9, వెనకబడితే రెండూ 18. రెండు జట్లూ 800 నిమిషాలు సమంగా ఉన్నాయి. మిగతా వెయ్యిలో మొదటిది 700 నిమిషాలు లీడ్‌లో, 300 వెనక. రెండోది 300 లీడ్‌లో, 700 వెనక. కూడండి. మొదటి జట్టు 90కి 12.5, రెండోది 13.8 పైన. ఏ స్థితిలోనూ మొదటి జట్టు కంటే మెరుగ్గా లేని జట్టు మొత్తంలో మెరుగ్గా కనిపించింది!

పరిష్కారం ఈ వరుసలో చెయ్యండి. ఒక్కో అడుగులోనూ ఒక గొయ్యి ఉంది.

1. ప్రతి మ్యాచ్‌నీ పీరియడ్, ఆ తర్వాత ఇండెక్స్ (మ్యాచ్‌లో ఈవెంట్ వరుస సంఖ్య) ప్రకారం పేర్చండి. నిమిషం ప్రకారం పేర్చొద్దు. ఈ డేటాలో రెండో సగం 45వ నిమిషం నుంచే మొదలవుతుంది, మొదటి సగం అదనపు సమయం కూడా 45, 46, 47 అనే నడుస్తుంది. నిమిషంతో పేరిస్తే రెండూ కలగాపులగం అవుతాయి. సెమీఫైనల్ మొదటి లెగ్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద ఒగ్బెచే స్కోరు సమం చేసిన గోల్ విరామానికి ముందు అదనపు సమయంలో వచ్చిందే. వరుస తప్పితే రెండో సగం మొదటి నిమిషాల్లో హైదరాబాద్ వెనకబడి ఉన్నట్టు లెక్క వస్తుంది.

2. నడుస్తున్న స్కోరు కట్టండి. షాట్ అవుట్‌కమ్ గోల్ అయితే ఒకటి కలపండి. ఓన్ గోల్ షాట్ల కింద రాదు, దానికి వేరే ఈవెంట్లున్నాయి. లాభపడ్డ జట్టుకి "ఓన్ గోల్ ఫర్", కొట్టుకున్న జట్టుకి "ఓన్ గోల్ అగైనెస్ట్". రెంటిలో ఒక్కదాన్నే లెక్కపెట్టండి. రెండూ వదిలేస్తే ఆ మ్యాచ్‌లో అక్కణ్నుంచి చివరిదాకా స్థితి అంతా తప్పు. మ్యాచ్ ముగిశాక మీ స్కోరు, మ్యాచ్ ఫైల్లోని స్కోరు ఒకటే కావాలి. 115 మ్యాచ్‌లకీ సరిపోయేదాకా మూడో అడుగు వెయ్యొద్దు.

3. స్కోరుని ఒక వరుస కిందకి జరపండి. ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. కూడుకుంటూ పోయిన స్కోరుని అలాగే వాడితే, 0-0 దగ్గర కొట్టిన గోల్ 1-0 లీడ్ కింద నమోదవుతుంది. ఆ గోల్ కొట్టినప్పుడు స్కోరు సమంగానే ఉంది కదా! ఈ తప్పు వల్ల లీడ్‌లో ఉన్న జట్లు భయంకరంగా ఫినిష్ చేస్తున్నట్టు, సమంగా ఉన్నప్పుడు ఎవరికీ గోల్ కొట్టడం రానట్టు ఒక చార్ట్ తయారవుతుంది. చూడ్డానికి గొప్ప పరిశోధనలా ఉంటుంది కూడా. జరిపేటప్పుడు మ్యాచ్ లోపలే జరపండి, లేకపోతే ముందు మ్యాచ్ ఆఖరి స్కోరు తర్వాతి మ్యాచ్ మొదటి వరుసలోకి జారుతుంది.

4. ఒక్కో స్థితిలో ఎంతసేపు గడిచిందో కొలవండి. టైమ్‌స్టాంప్ ప్రతి పీరియడ్‌కీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి పీరియడ్ ఆరంభం నుంచి గోల్ దాకా, గోల్ నుంచి గోల్ దాకా, ఆఖరి గోల్ నుంచి "హాఫ్ ఎండ్" ఈవెంట్ దాకా. అన్ని జట్లవీ కలిపితే లీడ్ నిమిషాలు, వెనకబడ్డ నిమిషాలు సరిగ్గా సమానం కావాలి, ఎందుకంటే ఒకరి లీడే ఇంకొకరి వెనకబాటు. తేడా వస్తే మళ్లీ రెండో అడుగుకి వెళ్లండి.

5. స్థితివారీగా 90 నిమిషాల సగటు తీసి, అందరికీ ఒకే బరువులు వెయ్యండి. బరువులు లీగ్ మొత్తం నిమిషాల వాటాల్లోంచి వస్తాయి. సులువుకి సమానం 50 శాతం, లీడ్ 25, వెనక 25 అనుకుంటే పైన ఊహించిన మొదటి జట్టుకి 13.5, రెండోదానికి 12.75 వస్తుంది. ఇప్పుడు వరుస సరైంది.

ఆటగాళ్లకీ ఇదే పద్ధతి, కాకపోతే అతను మైదానంలో ఉన్న నిమిషాలనే తీసుకోవాలి. సబ్‌స్టిట్యూషన్ ఈవెంట్లతో పాటు రెడ్ కార్డులూ చూడండి, బయటికి పంపేసినవాడిని 90 నిమిషాలూ ఆడించేస్తుంటారు. ఇక 11 మందికి 10 మంది ఆడిన సమయం స్కోరు కన్నా ఎక్కువగా ఆటని మార్చేస్తుంది, అది విడిగా పెట్టండి. ఒక గోల్ లీడ్, రెండు అంతకు మించిన లీడ్ అని విడగొట్టడం సిద్ధాంతం ప్రకారం మంచిదే కానీ, ఒక్క సీజన్లో ఒక్క ఆటగాడికి అంత డేటా మిగలదు. మూడు స్థితులు చాలు.

లక్షణం: డిఫెండర్ల చార్ట్ నిండా అడుగున ఉన్న జట్లవాళ్లే

బంతి మన దగ్గరుంటే ట్యాకిల్ చెయ్యలేం. ట్యాకిళ్లు, ఇంటర్‌సెప్షన్లు, క్లియరెన్సులు ముందుగా చెప్పేది ప్రత్యర్థి దగ్గర బంతి ఎంతసేపుందన్నదే. హారం మార్చండి. 90 నిమిషాలకి బదులు, అతను మైదానంలో ఉండగా ప్రత్యర్థి ఆడిన ప్రతి 100 పాస్‌లకి ఎన్ని అని లెక్కకట్టండి.

అలాగని పెద్ద అంకెలన్నీ జట్టు పుణ్యమే అని కొట్టిపారెయ్యకండి. 2015-16లో బంతిని అవతలివాళ్లకి వదిలేసి ఆడిన లెస్టర్ తరఫున ఎన్గోలో కాంటే 175 ట్యాకిళ్లు చేశాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. మరుసటి ఏడాది చెల్సీకి వెళ్లి అక్కడా లీగ్ గెలిచాడు. హారం మార్చాక కూడా పైన నిలబడేవాడే మనకి కావాల్సినవాడు.

లక్షణం: ఎక్స్‌జీ బ్రహ్మాండం, గోల్స్ లేవు

ఒక్క మ్యాచ్‌లోనే ఇలా ఉంటే ముందు రీబౌండ్లు చూడండి. 0.6 షాట్ కీపర్ ఆపాడు, తిరిగొచ్చిన బంతి మీద 0.7 షాట్ కొట్టారు. కూడితే 1.3. ఒక దాడిలో ఒక గోల్ కన్నా ఎక్కువ ఎలా వస్తుంది? ఒకే దాడిలోని షాట్లకి గోల్ కాని అవకాశాల్ని గుణించి 1 లోంచి తీసెయ్యండి: 1 - (0.4 × 0.3) = 0.88. ఏ షాట్లు ఒకే దాడివో ఈవెంట్ల పొసెషన్ నంబర్ చెప్తుంది.

ఒక ఆటగాడికి ఇలా ఉంటే షాట్లు లెక్కపెట్టండి. సగటు 0.1 చొప్పున 50 షాట్లు కొట్టినవాడికి 5 గోల్స్ రావాలి, కానీ మామూలు ఊగిసలాటే అటూ ఇటూ రెండు గోల్స్ ఉంటుంది. 3 కొట్టినవాడు చెత్త ఫినిషర్, 7 కొట్టినవాడు మహా ఫినిషర్ అని ఆ ఒక్క సీజన్ చెప్పలేదు.

సీజన్ మొత్తం జట్టుకే ఇలా ఉంటే, పైవన్నీ సరిచూశాక కూడా ఉంటే, చాలాసార్లు ఎక్స్‌జీనే నమ్మాలి. బ్రైటన్ 2020-21లో ఎక్స్‌జీ పట్టికలో ఎంతో పైనుండి, అసలు పట్టికలో 40 గోల్స్‌తో 16వ స్థానంలో ముగించింది. కోచ్ గ్రాహం పాటర్‌ని మార్చలేదు. తర్వాతి సీజన్ 51 పాయింట్లు, 9వ స్థానం.

అరుదైనవి

రెండు సైట్ల ఎక్స్‌జీ సరిపోవడం లేదంటే మోడళ్లు వేరు, అంతే. రెంటినీ ఒకే కాలమ్‌లో కలపకండి.

షాట్లు మైదానం బయట పడుతున్నాయా? ఇక్కడ మైదానం 120 × 80, గోల్ పోస్టులు 36, 44 దగ్గర. 100 × 100 అనుకుని గీసుంటారు. రెండు జట్లూ ఒకే వైపు దాడి చేస్తున్నట్టు కనిపించడం తప్పు కాదు, డేటా ఇచ్చేదే అలా.

2021-22 ఐఎస్ఎల్‌లో సొంత మైదానం ప్రభావం ఎంత అని తవ్వకండి. ఫైల్లో హోమ్, అవే అని రాసి ఉన్నా సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది.