ప్రైవేటు 5జీ నెట్‌వర్కులో పరికరాల నమోదు, ప్రవేశ నియమాలు

శ్రీసిటీలోనో రేణిగుంటలోనో ఒక కర్మాగారం సొంత 5జీ నెట్‌వర్కును నెలకొల్పుకుంటున్నప్పుడు, యాంటెన్నాల కంటే ముందుగా పరికరాల పట్టికను సిద్ధం చేసుకోవాలి. ఏ సిమ్ ఏ పరికరంలో ఉంది, దాని బాధ్యత ఏ విభాగానిది, ఎప్పటి వరకు అనుమతి ఉంది అన్న వివరాలన్నీ అందులో ఉండాలి.

సిమ్‌లోని రహస్య సంకేతమే (కీ), నెట్‌వర్కును నడిపే కేంద్ర వ్యవస్థ అయిన కోర్ నెట్‌వర్కు డేటాబేసులోనూ ఉంటుంది. ఆ రెండూ సరిపోలితేనే నెట్‌వర్కు సిమ్‌ను గుర్తిస్తుంది. అయితే ఈ తనిఖీ సిమ్‌కే పరిమితం. కెమెరాలోని సిమ్‌ను తీసి ఎవరైనా తమ ఫోనులో వేసుకుంటే అదీ నెట్‌వర్కులోకి వచ్చేస్తుంది కాబట్టి, ప్రతి సిమ్‌నూ దాని పరికరాన్ని గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యతో ముడిపెట్టాలి. ఐఎంఈఐని మార్చే వీలున్నందున, దాన్ని అదనపు రక్షణగానే భావించాలి.

నియమాలను ఒక్కొక్క పరికరానికి కాక, కెమెరాలు, రోబోలు, స్కానర్లు అని వర్గాలవారీగా రాయడం మేలు. మొదట అన్ని దారులూ మూసి, అవసరమైనవే తెరవాలి: కెమెరా తన రికార్డింగ్ సర్వరును తప్ప మరి దేన్నీ చేరకూడదు.

పరికరం పోయినా, కాంట్రాక్టు ముగిసినా సిమ్‌ను ఆ రోజే నిలిపివేసి, అప్పటికే నడుస్తున్న సెషన్‌ను (కనెక్షన్‌ను) కూడా తప్పక తెంచాలి.