అటారీ 2600కి వేరే కంపెనీల జాయ్‌స్టిక్‌లు: లక్షణం, కారణం, రిపేరు

పోయిందని మూలన పడేసిన పాత జాయ్‌స్టిక్‌లలో చాలావాటికి పెద్ద రోగమేమీ ఉండదు. ఎక్కడో ఒక తీగ తెగి ఉంటుంది, లేదా ఒక కాంటాక్టుకి చిలుము పట్టి ఉంటుంది. 1977లో వచ్చిన అటారీ 2600 అనే వీడియో గేమ్ కన్సోల్‌కి కంపెనీ ఎక్కువ కాలం ఇచ్చిన స్టిక్ సీఎక్స్40. దాన్ని మించినవి చేస్తామని వైకో, సన్‌కామ్, స్పెక్ట్రావీడియో, ఎపిక్స్ లాంటి కంపెనీలు పోటీపడి స్టిక్‌లు తెచ్చాయి. వాటిలో కొన్ని నిజంగానే సీఎక్స్40 కంటే మేలైనవి. అందుకే వాటిని పారేయొద్దనీ, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మల్టీమీటర్ పట్టుకోమనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ ఒక్కటీ తెలుసుకోండి

ఈ స్టిక్‌లలో తెలివైన చిప్ ఏదీ లేదు. ఉన్నవి అయిదు స్విచ్‌లు: నాలుగు దిక్కులకి నాలుగు, ఫైర్‌కి (కాల్చే బటన్‌కి) ఒకటి. స్టిక్‌ని తోసినప్పుడు ఆ దిక్కు తీగ గ్రౌండ్ తీగకి తగులుతుంది, కన్సోల్ దాన్ని చదువుకుంటుంది. అంతకు మించి ఏమీ జరగదు.

తొమ్మిది రంధ్రాల ప్లగ్‌లో 1 పైకి, 2 కిందికి, 3 ఎడమ, 4 కుడి, 6 ఫైర్, 8 గ్రౌండ్. పిన్ 7లో కన్సోల్ నుంచి 5 వోల్టులు వస్తాయి. 5, 9 ప్యాడిల్స్ (గుండ్రంగా తిప్పుతూ ఆడే కంట్రోలర్లు) కోసం. ప్లగ్ ముఖం మీ వైపు ఉండేలా, అయిదు రంధ్రాల వరస పైన ఉండేలా పట్టుకుంటే 1వ నంబరు కుడి చివర ఉంటుంది. ఎడమ చివర అనుకుని లెక్కపెడితే పరీక్ష మొత్తం తలకిందులవుతుంది.

మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో (రెండు ప్రోబ్‌ల మధ్య కరెంటుకి దారి ఉంటే మోగేలా) పెట్టండి. రంధ్రాల్లోకి ప్రోబ్ దూరకపోతే రెండు గుండుసూదులు వాడండి. ఒక ప్రోబ్ 8 మీద ఉంచి, రెండోదాన్ని 1, 2, 3, 4, 6 మీదకి మారుస్తూ స్టిక్‌ని ఆయా దిక్కులకి తోయండి. తోస్తే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. అయిదూ సరిగ్గా పలికితే స్టిక్ బాగున్నట్టే. అప్పుడు దాన్ని విప్పకండి, తప్పు ఇంకెక్కడో ఉంది.

స్టిక్ బాగుంది, కానీ ఆట కదలడం లేదు

మొదట కార్ట్రిడ్జ్ (కన్సోల్‌లో గుచ్చే ఆట డబ్బా) చూడండి. బ్రేకౌట్, కబూమ్, వార్‌లార్డ్స్ లాంటివి ప్యాడిల్స్‌తో ఆడే ఆటలు, వాటికి స్టిక్ పనికిరాదు. 1982లో వచ్చిన రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్ ఆటకి రెండు స్టిక్‌లు కావాలి. మనిషిని నడిపేది కుడి పోర్టులోని స్టిక్, ఎడమది సంచిలోని వస్తువుల కోసం. ఇది తెలియకపోతే ఎడమ పోర్టులో ఉన్న మంచి స్టిక్‌ని అన్యాయంగా అనుమానిస్తారు.

ఆట సరైనదే అయితే, ఇద్దరు ఆడే ఆట పెట్టి అదే స్టిక్‌ని రెండో పోర్టులో గుచ్చండి. అక్కడ పనిచేస్తే మొదటి పోర్టు తేడా. బోర్డు మీద పోర్టు కాళ్ల దగ్గర సోల్డర్ చిట్లడం మామూలే, మళ్లీ వేడిచేసి సోల్డర్ వేస్తే కుదురుతుంది. సోల్డర్ బాగానే ఉండీ దిక్కులు పలకకపోతే 6532 రాయట్ చిప్‌ని, ఫైర్ మాత్రమే పలకకపోతే టీఐఏ చిప్‌ని అనుమానించాలి. దిక్కులని చదివేది మొదటిది, బటన్‌ని చదివేది రెండోది.

ఒక దిక్కు ఉంటుంది, పోతుంది. వైరు కదిపితే వస్తుంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. వైరు డబ్బాలోకి దూరే చోట, ప్లగ్ మెడ దగ్గర ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగిపోగులు తెగుతాయి. పైన తొడుగు మాత్రం కొత్తదిలా ఉంటుంది. స్టిక్‌ని ఆ దిక్కుకి తోసి పట్టుకుని, బీప్ వింటూ వైరుని అంగుళం అంగుళం మేర వంచుతూ పోండి. బీప్ తడబడిన చోటే తెగింది.

డబ్బా వైపు తెగితే అదృష్టం. నాలుగు వేళ్ల మేర వైరు కోసేసి, తొక్క తీసి, లోపల మళ్లీ కలపొచ్చు. ప్లగ్ వైపు తెగితే అచ్చుపోసిన ప్లగ్ విప్పడానికి రాదు. దాన్ని కోసి కొత్త తొమ్మిది పిన్నుల ఫిమేల్ కనెక్టర్ సోల్డర్ చేయాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు ఉండనే ఉంది. తీగల రంగులని మాత్రం నమ్మకండి. అటారీ సీఎక్స్40లో తెలుపు పైకి, నీలం కిందికి, ఆకుపచ్చ ఎడమకి, గోధుమ కుడికి, నారింజ ఫైర్‌కి, నలుపు గ్రౌండ్‌కి. వేరే కంపెనీలు ఈ వరస పాటించాలని ఏమీ లేదు. కోసే ముందే ఏ రంగు ఏ పిన్నుకి పోతోందో బీప్‌తో చూసి కాగితం మీద రాసుకోండి.

అయిదూ ఒకేసారి చచ్చిపోతే అయిదు స్విచ్‌లూ పోయాయని కాదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న 8వ తీగ ఒక్కటే తెగింది.

గట్టిగా తోస్తేనే పనిచేస్తుంది

ఇక్కడ లోపల ఏ రకం స్విచ్ ఉందో చూసుకోవాలి.

వైకో కమాండ్ కంట్రోల్‌లో ఆర్కేడ్ యంత్రాల తరహా లీఫ్ స్విచ్‌లు ఉంటాయి. రెండు సన్నని లోహపు రేకులు, చివర్లలో చిన్న బొడిపెలు. కాడ ఒక రేకుని నెడితే రెండూ కలుస్తాయి. పాతబడితే ఆ బొడిపెల మీద నల్లటి పొర కడుతుంది. మందపాటి విజిటింగ్ కార్డుని సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, రేకుల మధ్య పెట్టండి. రేకులని వేలితో తేలిగ్గా కలిపి ఉంచి కార్డుని బయటికి లాగండి. కార్డు మీద నల్లటి గీత పడుతుంది. గీత పడనంత వరకూ కొత్త ముక్కతో మళ్లీ లాగండి. ఉప్పుకాగితం వద్దే వద్దు, బొడిపెల మీది పూత లేచిపోతే అవి మరింత తొందరగా చిలుము పడతాయి. కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, వాటి జిడ్డుకి దుమ్ము అంటుకుంటుంది.

శుభ్రం చేశాక కూడా ఎక్కువ దూరం తోయాల్సి వస్తుంటే రేకుల మధ్య సందు పెరిగిందన్నమాట. సన్నని ముక్కు కటింగ్ ప్లేయర్‌తో బయటి రేకుని మొదలు దగ్గర పట్టుకుని ఒక్క పిసరు లోపలికి వంచండి. కాడ మధ్యలో ఉన్నప్పుడు రేకుల మధ్య వెలుగు కనిపించాలి, కొంచెం తోయగానే కలవాలి. నాలుగు వైపులా ఒకే సందు వచ్చాక ఆ స్టిక్ చేతికి ఎంత హాయిగా ఉంటుందో ఆడితేనే తెలుస్తుంది. దీంట్లో మైక్రోస్విచ్‌లు (టిక్కుమని నొక్కుకునే చిన్న డబ్బా స్విచ్‌లు) పెట్టేద్దామని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చప్పుడు లేకుండా మెత్తగా కదలడమే ఆ స్టిక్ ప్రత్యేకత.

సన్‌కామ్ టాక్-2 దారి వేరు. దాంట్లో లోహపు కాడే స్విచ్‌లో సగం, అది వెళ్లి పక్కనున్న లోహపు కాంటాక్టుకి తగులుతుంది. అందుకే అంత గట్టిది. ఒక్క దిక్కే బలహీనపడితే కాడ తగిలే ఆ చోటునీ, కాడ చుట్టూనీ ఆల్కహాల్‌తో తుడవండి, దాదాపు ఎప్పుడూ అదే చాలు. నాలుగు దిక్కులూ పోయి ఫైర్ మాత్రం పలుకుతుంటే, కాడ దాకా కరెంటు చేరే దారి తెగిందేమో చూడండి.

చవక స్టిక్‌లు చాలావరకు సీఎక్స్40ని అనుకరించినవే. బోర్డు మీద చిన్న లోహపు బుడిపెలు, వాటిని పట్టి ఉంచే పారదర్శక టేపు. టేపు మెల్లగా లేపి, బుడిపె అడుగునా బోర్డు మీదా తుడిచి, కొత్త టేపుతో సరిగ్గా అదే చోట అతికించండి. బుడిపె మధ్యలో పగిలి ఉంటే మాత్రం మార్చాల్సిందే. తోసినప్పుడు 'టిక్' అనకుండా మెత్తగా దిగిపోతుంటే పగిలిందని గుర్తు. ఈ రకంలో కాడ అడుగున ఉండే ప్లాస్టిక్ భాగం విరగడం కూడా మామూలే, అది మార్చడమే మేలు.

ఎపిక్స్ 500ఎక్స్‌జే, స్పెక్ట్రావీడియో వాళ్ల క్విక్‌షాట్ టూ టర్బో మైక్రోస్విచ్ స్టిక్‌లు. వీటిలో చెడ్డ స్విచ్‌ని శుభ్రం చేస్తూ కూర్చోవడం దండగ, అదే కొలతది కొత్తది వేయండి. మూడు కాళ్లలో కామన్ (ఉమ్మడి కాలు), ఎన్ఓ (నొక్కితేనే కలిసేది) అని రాసి ఉన్నవాటికే తీగలు కలపాలి. ఎన్‌సీకి (నొక్కితే విడిపోయేదానికి) కలిపితే వదిలినప్పుడు పరుగెత్తి, తోసినప్పుడు ఆగే వింత స్టిక్ తయారవుతుంది.

తోయకపోయినా ఒకవైపే పోతుంది

లీఫ్ రేకు వంగి అతుక్కుపోవడం, లేదా వైరు లోపల రెండు తీగలు కలిసిపోవడం. డబ్బా విప్పి, ఆ దిక్కు తీగని స్విచ్ నుంచి విడదీసి బీప్ చూడండి. ఇంకా పలుకుతుంటే తప్పు వైరుది. కాంపిటిషన్ ప్రో అనే స్టిక్‌లో అయితే కాడని మధ్యకి తెచ్చే రబ్బరు వదులైందేమో చూడండి. అది అలిసిపోతే కాడ ఒక పక్కకి వాలి ఉండిపోతుంది.

ఫైర్ పలకదు, లేదా దానంతటదే పేలుతూ ఉంటుంది

వైకో స్టిక్‌లో కాడ పైన ఒక బటన్, డబ్బా మీద ఒక బటన్ ఉంటాయి. రెండిట్లో ఏది పనిచేయాలో ఎంచుకునే చిన్న స్విచ్ కూడా ఉంటుంది. దాన్ని అటూ ఇటూ నెట్టి చూడకుండా డబ్బా విప్పొద్దు. దానంతటదే పేలుతుంటే ఆటోఫైర్ (వరసగా తనే కాల్చే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి, క్విక్‌షాట్ టూ వెనకవైపు ఆ స్విచ్ ఉంటుంది.

మామూలు ఫైర్ పనిచేసి ఆటోఫైర్ ఒక్కటే పనిచేయకపోతే కారణం దాదాపు ఖాయం: పిన్ 7 నుంచి 5 వోల్టులు అందడం లేదు. స్టిక్ ఆరు తీగల వైరుతోనే బతికేస్తుంది, ఆటోఫైర్ సర్క్యూట్‌కి మాత్రం ఏడోది కావాలి. చవక ఎక్స్‌టెన్షన్ వైర్లలో 5, 7, 9 తీగలు ఉండవు. దాన్ని తీసేసి నేరుగా గుచ్చి చూడండి. ప్యాడిల్స్ పనిచేయకపోయినా ఇదే మొదటి అనుమానం. అదే స్టిక్‌ని సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌కి పెట్టి ఆటోఫైర్ రాలేదంటే తప్పు స్టిక్‌ది కాదు, సెగాలో 5 వోల్టులు ఉండేది పిన్ 5 మీద.

గుచ్చగానే స్క్రీన్ మాయమవుతుంది

వెంటనే పీకేయండి, కన్సోల్ ఆఫ్ చేయండి. 7, 8 పిన్నులు లోపల ఎక్కడో కలిసిపోయాయి. ఆటోఫైర్ బోర్డు మీదో, ఎవరో చేసిన పాత రిపేరులోనో ఉంటుంది. బీప్ మోడ్‌లో 7, 8 మధ్య మోత వినిపిస్తే అదే. అది తేలేదాకా ఆ స్టిక్‌ని ఏ యంత్రానికీ పెట్టకండి.

ప్లగ్ సరిపోయింది కదా అని

ఈ తొమ్మిది పిన్నుల ప్లగ్ చాలా యంత్రాలకి ఒకేలా ఉంటుంది, లోపలి లెక్కలు మాత్రం వేరు. సెగా మాస్టర్ సిస్టమ్ ప్యాడ్ అటారీ 2600లో చక్కగా పనిచేస్తుంది. మెగా డ్రైవ్ మూడు బటన్ల ప్యాడ్‌లో బీ బటన్ ఫైర్ అవుతుంది, కానీ దాంట్లోని చిప్‌కి అటారీ నుంచి సరైన పిన్నులో కరెంటు అందదు, సిగ్నల్ తీగల నుంచి దొరికిన దానితోనే నెట్టుకొస్తుంది. అందుకే కొన్ని ప్యాడ్‌లు ఆడతాయి, కొన్ని ఆడవు. కొలెకోవిజన్ అనే మరో కన్సోల్‌కి అటారీ స్టిక్ పెడితే కదులుతుంది, ఫైర్ పేలుతుంది, కానీ ఆట మొదలవ్వదు. స్థాయి ఎంచుకోవడానికి అంకెల కీప్యాడ్ కావాలి. దాని సొంత ప్యాడ్‌తో ఎంచుకుని తర్వాత మార్చుకోవచ్చు.

మన ఇళ్లల్లో తొంభైలలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ డబ్బాలు చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్లు. వాటిలో కొన్నిటి ప్యాడ్‌లకి కూడా ఇదే ఆకారం ప్లగ్ ఉంటుంది. ఆ ప్యాడ్ బటన్లని ఒక్కొక్క తీగ మీద కాకుండా వరసగా ఒకే తీగ మీద పంపిస్తుంది, కరెంటు పిన్నులు కూడా వేరు. అటకమీద దొరికిన ఆ ప్యాడ్‌ని అటారీకీ, అటారీ స్టిక్‌ని ఆ డబ్బాకీ ఎట్టి పరిస్థితుల్లోనూ గుచ్చకండి.