ఊరి చరిత్ర రాసే ముందు జనాభా లెక్క తేల్చుకోండి

మా ఊరి గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చుని, మొదటి పేజీలోనే బోర్లాపడ్డాను. 2011 జనాభా లెక్కల్లో అంకె చూసి ‘ఇంతమంది మా ఊళ్లో ఎక్కడున్నారు?’ అనుకున్నా. తీరా చూస్తే అది రెవెన్యూ గ్రామం లెక్క. శివారు పల్లెలన్నీ అందులోనే కలిసిపోయాయి. అందుకే ముందు మీ ఊరు ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో కనుక్కోండి. తర్వాత జనగణన శాఖ వెబ్‌సైట్‌లో మీ జిల్లా హ్యాండ్‌బుక్ దించుకోండి, ఉచితమే.

మొత్తం జనాభా ఒక్కటే రాసి వదిలేయకండి. అసలు కథ సాగుదారులు, వ్యవసాయ కూలీలు అనే రెండు గడుల్లో ఉంటుంది. 2001, 2011 అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క మాట: కౌలుకు చేసేవాళ్లు కూడా సాగుదారుల్లోనే వస్తారు, కాబట్టి వాళ్లందరికీ సొంత పొలం ఉందనుకోవద్దు.

పాత సంగతులకు కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డులు, చూడండి. 1821లో చనిపోయిన ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసినవి. చెరువులు, గుళ్లు, మాన్యాల వివరాలు దొరుకుతాయి. పుక్కిటి పురాణాలూ ఉంటాయి, వాటిని ‘అంటారు’ అనే రాయండి.

పెద్దవాళ్లను సంవత్సరం అడిగితే తడబడతారు. దివిసీమ వైపైతే ‘ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా మామ్మా?’ అనండి. అది 1977 నవంబరు, అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకీ లెక్కేసుకోవచ్చు. ఊరి భూముల లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ ఇళ్ల అటకల మీద పాత కాగితాలేమైనా మిగిలాయేమో, చెదలకంటే ముందు మీరే వెళ్లి అడగండి.