పొలంలో మందు కొట్టే డ్రోన్ లేపే ముందు: శంషాబాద్ విమానాల లెక్క

మహబూబ్‌నగర్, నల్లగొండ పొలాలు చాలావరకు గ్రీన్ జోన్‌లోనే (ముందస్తు అనుమతి లేకుండ డ్రోన్ ఎగరేసుకునే ప్రాంతం) ఉంటయి. 400 అడుగుల లోపు ఎగరేస్తే అనుమతి అక్కర్లేదు. చిక్కల్లా శంషాబాద్ దిక్కున్న చేన్లకే.

ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మ్యాప్) మీ చేను వెతకండి. ఊరి పేరు కాదు, సర్వే నంబరున్న చోటే. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే హద్దు. పసుపు జోన్ పడితే ఏటీసీ (విమానాల రాకపోకలు నడిపించే కంట్రోల్ విభాగం) అనుమతి కావాలె, ఎరుపు అయితే కేంద్రం అనుమతి.

ఎందుకంత పట్టింపు? దిగే విమానం సుమారు 3 డిగ్రీల వాలులో వస్తది. రన్‌వే మొదలుకు 5 కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు దాదాపు 860 అడుగులే. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలు, అందుకే ఆ రెండు దిక్కులు ఎక్కువ జాగ్రత్త. ట్రాన్స్‌పాండర్ (తానెక్కడున్నదో రాడార్‌కు చెప్పే పరికరం) లేని చిన్న డ్రోన్ ఏటీసీ కంట్రోలర్ తెరమీద సాధారణంగా పడదు. పడకుంటే విమానాన్ని పక్కకు తప్పించేదెట్ల?

మందు కొట్టేటప్పుడు పైరుకు రెండు మూడు మీటర్ల పైనే ఉంటం కదా, భయమేంది అంటరు. అసలు తప్పు ‘రిటర్న్ టు హోమ్’ దగ్గర జరుగుతది. సిగ్నల్ తెగితే డ్రోన్ ముందుగా సెట్ చేసిన ఎత్తుకు లేచి, ఆ తర్వాతే వెనక్కి మళ్లుతది. ఆ ఎత్తు చూడకుండా ఎవరూ బ్యాటరీ పెట్టొద్దు. చేను చుట్టున్న తాటిచెట్లు, కరెంటు తీగల కన్నా కొంచెం పైకి ఉంటే చాలు.

10 లీటర్ల డ్రోన్ సాధారణంగా ‘స్మాల్’ తరగతి కిందికి వస్తది: యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్) నంబరు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ (డ్రోన్ నడిపేటోళ్ల లైసెన్సు) రెండూ ఉండాలె.