ఇంట్లో చాక్లెట్ పల్లీలు – 3వ పాఠం: బిగుసుకున్న చాక్లెట్, ఆ తర్వాత పూత

ఈసారి నేరుగా పూతకు పోవాల్సింది. కానీ పోయిన పాఠంలో చాక్లెట్ కరిగించమంటే చాలామందికి ఇసుక కలిపిన ముద్దలా బిగుసుకుంది. మంట ఎక్కువైందని కొందరు, సరుకు నాసిరకమని కొందరు అనుకున్నారు. వచ్చిన ఫొటోలు చూస్తే దాదాపు అన్నిట్లోనూ తడే కారణం.

చాక్లెట్లో నీళ్లు ఉండవనే చెప్పాలి. కరిగిన కొవ్వులో చక్కెర, కోకో సన్నటి పొడిగా తేలుతుంటాయి. 200 గ్రాముల్లో అర టీస్పూను నీళ్లు పడితే చాలు, చక్కెర రేణువులు పైపైన తడిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కడిగి తుడవకుండా తెచ్చిన గంటె, తడి పీల్చిన చెక్క గరిటె, గిన్నె మీద పెట్టిన మూత, అన్నిట్లోనూ ఆ అర టీస్పూను ఉంటుంది. నీళ్ల బగోనె మీద చాక్లెట్ గిన్నె పెట్టి ఆవిరి వేడితో కరిగిస్తాం కదా, ఆ పై గిన్నె కింది బగోనె కన్నా వెడల్పుగా ఉండాలి, లేకుంటే సందుల్లోంచి ఆవిరి వస్తుంది. గిన్నె అడుగు నీళ్లకు తగలొద్దు. నీళ్లు మరగగానే స్టవ్ ఆపేయండి. 200 గ్రాములు కరగడానికి ఆ వేడే సరిపోతుంది.

ఇక పాలు. చాక్లెట్ గట్టిగా ఉందని చెంచాడు పాలు పోస్తున్నారు. పోయొద్దు! పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే. రోజ్ వాటర్, వెనిలా ఎసెన్స్ కూడా వద్దు. తేనెలో, వెన్నలో కూడా కొంత నీళ్లుంటాయి. పలచన కావాలంటే 100 గ్రాములకు ఒక టీస్పూను కొబ్బరినూనె కలపండి. నెయ్యి కూడా పనిచేస్తుంది గానీ దాని వాసన పల్లీని మింగేస్తుంది. ఇప్పటికే బిగుసుకున్నది పారేయొద్దు: 100 గ్రాములకు 40 మి.లీ. వేడి పాలు ఒకేసారి పోసి గిలకొడితే సాస్ అవుతుంది. పూతకు మాత్రం అది పనికిరాదు.

పల్లీలు వేయించి పొట్టు తీయడం మీకు చెప్పనక్కర్లేదు. పూర్తిగా చల్లారాలి, అంతే.

పావు కిలో పల్లీలకు 200 గ్రాముల డార్క్ కాంపౌండ్ (కోకో బటర్ అనే కోకో గింజల కొవ్వుకు బదులు వేరే వంట కొవ్వుతో చేసిన చాక్లెట్) తీసుకోండి. కోకో బటర్ ఉన్న చాక్లెట్ ఇప్పుడు వద్దు. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వరంగల్ ఎండకాలంలో వంటిల్లే అంతకన్నా వేడిగా ఉంటుంది. కాంపౌండ్ కూడా మెత్తబడుతుంది కాబట్టి తెల్లారగట్ల పని పెట్టుకోవడం మేలు. కరిగిన కాంపౌండ్‌ను కింది పెదవికి కాస్త తాకించి చూస్తే గోరువెచ్చగా అనిపించాలి.

వెడల్పు గిన్నెలో పల్లీలు పోసి మూడు చెంచాల చాక్లెట్ వేసి, మెరుపు తగ్గి గింజలు విడివిడిగా వచ్చేదాకా కలుపుతూ ఉండండి. ఆ తర్వాతే ఇంకో మూడు చెంచాలు. ఇట్ల ఐదారు పొరలు. తొందరపడి అంతా ఒకేసారి పోస్తే చిక్కీ అవుతుంది. చివరి పొర ఆరకముందే సన్న ఉప్పు చిటికెడు చల్లండి. ఉప్పు లేని చాక్లెట్ పల్లీ నా లెక్కలో సగం పనే. గట్టిపడకపోతే పది నిమిషాలు ఫ్రిజ్‌లో, మూతున్న డబ్బాలోనే. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయొద్దు, గాలిలో తేమ పూత మీద చేరి తెల్ల మచ్చలు వస్తాయి.

అభ్యాసం: 20 గ్రాముల చాక్లెట్ కరిగించి, కావాలనే ఎనిమిది చుక్కల నీళ్లు వేసి తిప్పండి, బిగుసుకునే తీరు చేతికి తెలియాలి. ఆపై 30 బాదంపప్పులు ఒక్కొక్కటే ఫోర్కుతో ముంచి, గిన్నె అంచుకు మూడుసార్లు తట్టి, ఫోర్కు అడుగు గీకి బటర్ పేపర్ మీద పెట్టండి. చుట్టూ చాక్లెట్ మడుగు కట్టనివి 20 వచ్చాకే 4వ పాఠం.